ఎడమ పక్క మనిషి

నవంబరు 8, శుక్రవారం

సోషల్ పాఠం మొదలెడితే ఆవులించే ఎనిమిదో తరగతి వాళ్ళు ఇవాళ గంట కొట్టినా ల్యాబులోంచి కదల్లేదు. కరస్పాండెంటు శ్రీరంగనాయకులు గారు కొత్త కంప్యూటర్ ఆట వేయించారు. పేరు 'సరుకు బండి'. పిల్లలు లారీ ఎంచుకోవాలి, సరుకు ఎక్కించుకోవాలి, దేశమంతా తోలుకుంటూ పోవాలి. ఏ నది దాటుతున్నారో చెబితేనే వంతెన మీద గేటు తెరుచుకుంటుంది. తప్పు చెబితే బండి అక్కడే. నిన్నటిదాకా మహానదిని మహారాష్ట్రలో పెట్టిన మెర్సీ ఇవాళ కటక్ దగ్గర ఠక్కున పేరు చెప్పేసింది.

నాయకులు గారు వచ్చి చూసి మురిసిపోయారు. "మీ వారు హౌరా చేపల లారీయే కదండీ దుర్గా మేడం? బాలల దినోత్సవానికి ఓసారి రమ్మనండి. నిజం డ్రైవరు చెబితే పిల్లలకి బాగుంటుంది."

ఇంటికొచ్చి చెబితే ఆయన సిగ్గుపడ్డారు. కానీ తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చారు.

నవంబరు 14, గురువారం

ఆయన బాగా మాట్లాడారు. ఐసు పెట్టెల్లో చేపలు పేర్చడం, బరంపురం, చిలికా సరస్సు దాటడం, బెంగాల్లో తెల్లారేసరికి మార్కెట్లో పడే హడావుడి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. మా ప్రియ అయితే 'మా నాన్న' అని ప్రతి పిల్ల చెవిలోనూ ఊదింది.

తర్వాత ఆయన్ని ఆటకి కూర్చోబెట్టారు. గోడ మీద పెద్ద తెర, ముందు ఆట స్టీరింగు. ఏలూరులో చేపలెక్కించుకుని గౌహతి వెళ్ళాలి. బండి ఎంత అందంగా తిప్పారో. శ్రీకాకుళం దాటాక ఎడమ పక్క సైకిలు మీద ఒక ముసలాయన. దాని మీద నుంచి వెళ్ళిపోయారు. తెర ఎర్రబడింది. పిల్లలు గొల్లుమన్నారు.

రెండోసారి మేకలు. మూడోసారి నీళ్ళబిందెతో ఒక ఆడమనిషి. అన్నీ ఎడమ పక్కే.

"ఇదేం ఆటండీ బాబూ, మనుషులు ఎక్కణ్ణుంచి ఊడిపడుతున్నారు?" అన్నారాయన నవ్వుతూ.

"లేదండి అంకుల్, ఆవిడ ఇందాకట్నుంచీ అక్కడే నిలబడి ఉందండి" అంది మెర్సీ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవంబరు 15

ఆట కదా. అలవాటు లేక.

నవంబరు 18, సోమవారం

భోజనాల దగ్గర చేయి తగిలి మజ్జిగ గ్లాసు పడేశారు. ఎడమ చేతి దగ్గరే పెట్టాను. "చెప్పి పెట్టొచ్చు కదా" అన్నారు. ఇదివరకు ఇలా ఎన్నిసార్లు జరిగిందో గుర్తు చేసుకోకూడదనుకుంటూనే గుర్తు చేసుకున్నాను. రెండో గ్లాసు కుడి పక్క పెట్టాను. ఎందుకు పెట్టానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నవంబరు 20, బుధవారం

హౌరా బయల్దేరారు. లారీ ఎడమ అద్దం తీగతో కట్టి ఉంది. జూన్‌లో ఒకసారి విరిగింది. దసరా ముందు మళ్ళీ విరిగింది. ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఎవడో రాసుకుపోయాడన్నారు. క్యాబిన్ మొదలుకొని వెనకదాకా ఎడమ పక్కన గీత పడి ఉంది. పోయిన నెలే రంగేయించారు, ఆ రంగు మీదే గీత.

ఇరవై ఏళ్ళుగా బండి తోలుతున్నారు. ఒక్క ప్రమాదం లేదు. ఇరవై ఏళ్ళు.

నవంబరు 22, శుక్రవారం

బడి అయ్యాక ల్యాబు తలుపేసుకుని ఆ ఆట నేనే ఆడాను. నాకు సైకిలు తొక్కడం కూడా రాదు. బండి రోడ్డు దిగింది, చెట్టుకి గుద్దుకుంది, ఎలాగో శ్రీకాకుళం దాటించాను. సైకిలు మీద ముసలాయన చాలా దూరం నుంచే కనిపించాడు. నీళ్ళబిందె ఆవిడ కూడా. మెర్సీ చెప్పిందే నిజం, ఆవిడ ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదు.

నాకు కనిపించింది.

నవంబరు 24, ఆదివారం

చెల్లెలు వాసంతిని చూసే వంకతో తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఏలూరులో కంటి డాక్టరు దగ్గరికెళితే ఎవరో ఒకరు చూస్తారు. గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో ఒక పెద్దాయన ఉన్నారు, సెలవు రోజు కూడా చూస్తారు. మా బంధువుకి అని చెప్పాను.

"ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుందా అమ్మా?"

"చీమ కూడా కనిపిస్తుందండి."

"పక్కన ఉన్నది తెలీటం లేదు?"

"అవునండి."

"నీటికాసులు, అదే గ్లకోమా, అయ్యుండొచ్చు. నెప్పి ఉండదు, మసక ఉండదు. పక్కనున్నది లేదనే అనుకుంటాడు మనిషి. చూపు తగ్గిందని అతనికే తెలీదు. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు. మాటల మీద చూపు కొలవలేం కదమ్మా, మనిషిని తీసుకురండి. ఏం పని చేస్తాడతను?"

కిరాణా కొట్టు అని చెప్పాను. నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు.

నవంబరు 25

ఫోను చేశారు. తిరుగు దారిలో, కటక్.

నవంబరు 26

ఫోను లేదు.

నవంబరు 27

ఫోను లేదు. ఆరో తరగతిలో పటం మీద మహానది చూపిస్తూ కటక్ దగ్గరే వేలు పెట్టి ఉండిపోయాను. పిల్లలు 'టీచర్, టీచర్' అని పిలిచారు.

సాయంత్రం చేశారు. చార్జింగు అయిపోయిందట. ఎంత మామూలుగా చెప్పారో.

డిసెంబరు 3, మంగళవారం

అడిగేశాను.

"ఏవండీ, ఓసారి కళ్ళు చూపించుకుందామా?"

"కళ్ళకేమైంది?"

"ఏం లేదండి. ఊరికే."

"ఊరికే కళ్ళెవరు చూపించుకుంటారే? లైసెన్సప్పుడు అక్షరాలన్నీ గడగడా చదివాను. కింది వరసతో సహా. ఆ డాక్టరే మెచ్చుకున్నాడు." అంతలోనే గొంతు మార్చారు. "ఎవరేమన్నారు నీతో?"

"ఎవరూ ఏమనలేదండి."

"నా బండి గురించి ఎవరైనా కూశారా?"

లేదండి, లేదండి అన్నాను. ఆయన కోపంగా లేచి వెళ్ళారు. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తలుపుకి తగిలింది. వెనక్కి చూడలేదు.

అయితే నేనొక దారి ఆలోచించాను. కళ్ళ మాట ఎత్తను. హౌరా మానేయమంటాను. ప్రియ ఎదుగుతోంది, నాన్న ఇంట్లో ఉండాలి అంటాను. అది అబద్ధం కూడా కాదు. లారీ మానేస్తే చాలు కదా. రెండూ ఒకటే.

డిసెంబరు 15, ఆదివారం

ఒప్పుకున్నారు! ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు. "నాకూ విసుగ్గానే ఉందిలే. ఈ మధ్య పొగమంచులో తోలాలంటే మనసు రావట్లేదు" అన్నారు. ఇంకేదో అనబోయి మానేశారు. ఏమిటని అడగాల్సింది. అడిగితే ఏం చెబుతారోనని అడగలేదు.

ప్రియ ఎగిరి గంతేసింది. ఇంట్లో ఇన్నాళ్ళ తర్వాత ఊపిరాడింది. మెల్లగా, అలవాటు పడ్డాక, గూడెం తీసుకెళతాను.

డిసెంబరు 28, శనివారం

ద్వారకా తిరుమల ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మొక్కుకున్నాను, ఉద్యోగం దొరికింది. ఎక్కడో చెప్పు చూద్దాం?"

పెట్రోలు బంకు అన్నాను. చేపల చెరువు మీద మేనేజరు అన్నాను.

"మీ బడే! నాయకులు గారే పిలిచి ఇచ్చారు. కొల్లేరు లంకల వైపు బస్సు తోలాలి. ఆ రోజు పిల్లలతో నేను మాట్లాడింది ఆయనకి బాగా నచ్చిందట. ఇక రోజూ ముగ్గురం ఒకే చోటికి."

ప్రసాదం నోట్లో పెట్టుకున్నాను. మిగిలింది ప్రియ చేతిలో పెట్టేశాను.

డిసెంబరు 29

ఇవాళ చెబుతాను.

డిసెంబరు 30

ఆయన ఈల వేసుకుంటూ ఖాకీ చొక్కాకి బొత్తాలు కుట్టుకుంటున్నారు. రేపు.

జనవరి 2, గురువారం

మొదటి రోజు. ప్రియ కూడా సరదాగా పొద్దున్నే బస్సులో వెళ్ళింది. వద్దంటే కారణం అడుగుతారు.

ఆ దారి నాకు తెలుసు. పెదపాడు దాటాక లంక ఊళ్ళకి తిరిగే గట్టు. రెండు పక్కలా చేపల చెరువులు. బస్సు పట్టేంత వెడల్పు, ఆపైన జానెడు. ఆ జానెడులోనే చేపల మేతకి తవుడు బస్తాలు మోసే సైకిళ్ళు, వలలు మోసేవాళ్ళు, బడికొచ్చే పిల్లలు. చలికాలం కొల్లేరు మీద మంచు లేచిందంటే గట్టుకీ నీళ్ళకీ తేడా తెలీదు.

గేటు దగ్గర నిలబడ్డాను. బస్సొచ్చింది. పిల్లలందరూ దిగేదాకా నిలబడ్డాను. నాయకులు గారు చూసి, "కొత్త ఉద్యోగం కదండీ, మేడం గారికి కంగారు" అని నవ్వారు.

జనవరి 7

లారీ కాదు కదా. నెమ్మదిగానే పోతారు. తెలిసిన దారి. పట్టపగలు.

జనవరి 9

సంక్రాంతి సెలవులిచ్చారు. నిద్రపోయాను. ఎన్నాళ్ళకో.

జనవరి 20

బడి తెరిచారు. తెల్లవారుజామునుంచే మంచు.

జనవరి 21, మంగళవారం

బస్సు ఆలస్యంగా వచ్చింది. పిల్లలు దిగుతూనే ఒకటే గోల, ఎవరో చెరువులో దూకారని. ఆయన ముఖం నల్లగా ఉంది.

"తవుడు సైకిలు వాడు. అడ్డంగా వచ్చేశాడు వెధవ. ఏం కాలేదులే, నడుములోతు నీళ్ళే" అన్నారు.

ఆ బస్సులోనే వచ్చే గ్రేస్ టీచరు నన్ను పక్కకి పిలిచారు. "మేడం, మీతో చెప్పొచ్చో లేదో. ఆయన అడ్డం రాలేదండి. అంత దూరం నుంచే ఓ పక్కకి ఒదిగి నిలబడ్డాడండి పాపం. మీ వారు అసలు మనిషి లేనట్టే పోనిచ్చారు. నేను కేకేసేలోపు అతను దూకేశాడు. ఒంట్లో బాగోలేదాండి ఆయనకి?"

ఇదీ అవకాశం. దేవుడు నా ఎదురుగా తెచ్చి పెట్టాడు.

"జలుబుకి మందేసుకున్నారండి, మత్తుగా ఉన్నట్టుంది" అన్నాను.

ఆవిడ నమ్మేశారు. "జాగ్రత్త చెప్పండి మేడం" అంటూ నా చేయి నొక్కి వెళ్ళారు.

జనవరి 22, బుధవారం

రేపటి నుంచి నేనూ పొద్దున బస్సులో వస్తానన్నాను. తలుపు పక్క మొదటి సీట్లో కూర్చుంటాను.

"నీకెందుకు అంత పొద్దున్నే?"

"లంకల పిల్లల్ని చూసుకోవచ్చు కదండీ."

జనవరి 23, గురువారం

"ఎడమ పక్క సైకిలండీ."

"కనిపిస్తోందిలే."

"ఎడమ పక్క గేదె."

"బండి నువ్వు తోలుతున్నావా, నేనా?"

పిల్లలు నవ్వారు. నేను ఆగలేదు.

జనవరి 24

ఇవాళ విసుక్కోలేదు.

జనవరి 27, సోమవారం



ఈ పొద్దున గట్టు మలుపు దగ్గర నా గొంతుకేదో అడ్డం పడి దగ్గొచ్చింది. మాట పెగల్లేదు. బస్సు దానంతటదే నెమ్మదించింది. దారి ఖాళీగా ఉంది, ముందు ఏమీ లేదు. ఆయన బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నారు. నా వైపు తిరగలేదు. ఎదురు చూస్తున్నారు.

"ఎవరూ లేరండీ" అన్నాను.

బస్సు కదిలింది.

ఆయనకి తెలుసు. నా మాట వినేదాకా ఆగారు. ఎప్పటి నుంచి తెలుసు? పొగమంచులో మనసు రావట్లేదన్న రోజు నుంచా? అద్దం విరిగిన రోజు నుంచా? నాకు తెలుసని ఆయనకీ, ఆయనకి తెలుసని నాకూ తెలిసి, బస్సు నిండా పిల్లల్ని పెట్టుకుని, ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకోకుండా వెళుతున్నాం.

ఇంటికొచ్చాకైనా మాట్లాడాల్సింది. వంకాయ కూర బాగుందన్నారు. ఇంకాస్త వేశాను.

జనవరి 28

నేను పక్కనుంటే ఏం కాదు. నేను చెబుతూనే ఉంటాను. పరీక్షలయ్యేదాకా ఇలా గడిస్తే చాలు.

జనవరి 29, బుధవారం

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి మార్చేసుకుంటాను.

మంచు దట్టంగా ఉంది. చెరువులో చేపలకి గాలి అందించే ఆక్సిజను మర చప్పుడు వినిపిస్తోంది గానీ కనిపించట్లేదు. గ్రేస్ టీచరు వెనక పిల్లల మధ్య కూర్చున్నారు. ప్రియ నా ఒళ్ళో సంచీ పెట్టి కిటికీ మీద బొమ్మలు గీస్తోంది. నేను ముందుకే చూస్తున్నాను. తడిసిన అద్దం తప్ప నాకూ ఏమీ తెలీటం లేదు. అయినా "ఎవరూ లేరండీ" అన్నాను. అలవాటుగా అనేశాను. చూసి అనలేదు.

ఆయన పోనిచ్చారు.

మెర్సీ రోజూ ఊళ్ళో బడ్డీకొట్టు దగ్గర ఎక్కుతుంది. ఇవాళ గట్టు మీదికి ఎదురొచ్చి నిలబడింది. ముందు నీలం గౌను కనిపించింది. ఆ తర్వాత ముఖం. అది మావైపు చేయి ఊపుతోంది.

"ఆపండీ!" అన్నానో, ఉత్తి అరుపే అరిచానో.

బస్సు జారి, అడ్డంగా ఊగి ఆగింది. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఎవరో ఏడుపు మొదలెట్టారు. తలుపు తీసుకుని దూకాను. మెర్సీ చక్రం పక్కనే నిలబడి ఉంది. దాని సంచీ పట్టీ బంపరు కొక్కేనికి చిక్కుకుంది. వెనక్కి వేసిన కాలు గట్టు అంచున ఉంది, కింద నీళ్ళు.

"గుడ్ మార్నింగ్ టీచర్" అంది. "ఇవాళ మా అమ్మతో ఇటొచ్చేశానండి, ఇక్కడే ఎక్కేద్దామని. అమ్మ చెరువు పనికి వెళ్ళిపోయిందండి."

ఏం జరిగిందో దానికి తెలీలేదు. బస్సు తన కోసమే ఆగిందనుకుంది. పట్టీ విడిపించి దాన్ని గట్టిగా పట్టుకున్నాను. "టీచర్, నొప్పిగా ఉందండి" అంది.

ఆయన దిగి ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చారు. మెర్సీని చూశారు, చక్రాన్ని చూశారు. ఇంకోసారి మెర్సీని చూశారు. అది చూడటానికి తల పూర్తిగా తిప్పాల్సి వచ్చింది. బస్సెక్కి తాళం తీసుకొచ్చి గ్రేస్ టీచరు చేతిలో పెట్టారు.

"ఇంక నేను తోలనండి. నాకు ఎడమ పక్క కనిపించట్లేదు. నాయకులు గారికి ఫోను చేసి వేరే బండి పంపించమనండి."

పిల్లలందరి ముందూ చెప్పారు. ప్రియ ముందు కూడా.

వేరే బస్సు వచ్చేదాకా ఆయన గట్టు మీద కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నువ్వు చెబితే విందును దుర్గా" అన్నారు.

"వినేవారు కాదండీ."

ఖాకీ చొక్కా పై బొత్తాం విప్పుకున్నారు. "అవును. వినేవాణ్ణి కాదు" అన్నారు.

జనవరి 30, గురువారం

నాయకులు గారు ఆయన్నేమీ అనలేదు. నన్నే అడిగారు.

"మీకెప్పటి నుంచి తెలుసండీ మేడం?"

"నవంబరు నుంచండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మా మనవరాలు కూడా అదే బస్సులో వస్తుందండి" అన్నారు. ఇంకేమైనా తిట్టినా బాగుండేది. నన్ను రేపటి నుంచి బడికి రావద్దన్నారు. సోమవారం పిల్లల తల్లిదండ్రులందర్నీ పిలిచి తనే చెబుతానన్నారు.

బయటికొస్తుంటే గ్రేస్ టీచరు స్టాఫ్‌రూము గుమ్మంలో ఉన్నారు. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయారు.

జనవరి 31, శుక్రవారం

గూడెం డాక్టరు నన్ను గుర్తుపట్టారు. "కిరాణా కొట్టాయనేనా అమ్మా?" అన్నారు. మా ఆయన నా వైపు చూశారు.

ఎడమ కంట్లో పక్క చూపు దాదాపుగా లేదట. కుడి కంట్లో మొదలైందట. జీవితాంతం చుక్కలు వేసుకోవాలి. వేసుకుంటే మిగిలింది ఉంటుంది. స్టీరింగు ఇక పట్టకూడదు. నవంబరులో వచ్చి ఉంటే ఏమైనా తేడా ఉండేదా అని అడిగాను. "ఇప్పుడు అదెందుకమ్మా" అన్నారాయన.

ఫిబ్రవరి 2, ఆదివారం

మెర్సీ ఇంటికి వెళ్ళాం. ఆయనే వెళదామన్నారు. ఫోనులో చెప్పే మాట కాదన్నారు. ఆటో గట్టు దాకే వచ్చింది, అక్కణ్ణుంచి నడిచాం.

మెర్సీ వాళ్ళమ్మ మాణిక్యం వాకిట్లో చేపలు శుభ్రం చేస్తోంది. పిల్ల చర్చి నుంచి ఇంకా రాలేదంది. నన్ను చూసి హడావుడిగా చేతులు కడుక్కుని నులక మంచం వాల్చింది. "కూర్చోండమ్మగారూ. మా పిల్ల ఏమన్నా అల్లరి చేసిందాండి?"

ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పారు. కళ్ళ సంగతి, మంచు సంగతి, చక్రం ఎంత దగ్గరగా ఆగిందన్న సంగతి. ఏదీ తగ్గించలేదు. తనకి ముందే అనుమానమున్నా పైకి చెప్పలేదన్నారు. అప్పుడు నేను, "నాకు నవంబరు నుంచీ తెలుసు మాణిక్యం. ఆ పూట ఎవరూ లేరని చెప్పింది నేనే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ మమ్మల్ని తిట్టలేదు, ఏడవలేదు. పళ్ళెంలో చేపల మీద వాలుతున్న ఈగల్ని తోలుతూ అలాగే నిలబడింది. అప్పుడు అడిగింది.

"చక్రం అంత దగ్గరికొచ్చిందని మెర్సీకి తెలుసాండి?"

"తెలీదు. బస్సు తన కోసం ఆగిందనుకుంటోంది."

ఆవిడ దారి వైపు చూసింది. అవతల గట్టు మీద చర్చి నుంచి వస్తున్న పిల్లల మాటలు వినిపిస్తున్నాయి. చీర కొంగుతో ముఖం తుడుచుకుని గొంతు తగ్గించింది.

"దానికి మాత్రం చెప్పకండి. రేపు మళ్ళీ అదే బస్సు ఎక్కాలి. వెళ్ళిపోండి, వచ్చేస్తోంది."